ఇంకో సగం చుట్టు

దీవి పట్నంలో, గోల్ ఘర్ దగ్గర మెకానిక్ రమణయ్య షెడ్డు. బానెట్ ఎత్తిన పాత అంబాసిడర్ టాక్సీ, పక్కన దాని యజమాని లాయిడ్. ఇంజన్ ఆడుతోంది.

“కార్బురేటర్ స్క్రూ ఇంకో సగం చుట్టు లోపలికి తిప్పు, రమణయ్య భయ్యా.”

“ఇప్పటికే తగ్గించాను. ఇంకా తిప్పితే పెట్రోల్ చాలదు, ఉత్త గాలే పోతుంది. విన్నావా? దగ్గుతోంది.”

“దగ్గనీ. పెట్రోల్ షిప్పు రాలేదు, బంకులన్నీ బంద్. ట్యాంకులో ఉన్నదే ఉంది. మా అమ్మాయి లవీనాకి నెలలు నిండాయి. సిప్పీఘాట్ వెళ్లి దాన్ని ఆస్పత్రికి తేవాలి. షిప్పు లేటయినప్పుడల్లా నేనిలాగే తిప్పుకుంటాను.”

“తెలుస్తోంది. స్క్రూ తల అరగ్గొట్టేశావు.”

“అందుకేగా నీ దగ్గరికొచ్చింది! నా స్క్రూడ్రైవర్ పట్టట్లేదు.”

“నాదీ పట్టలేదు. సన్నమూతి ప్లయర్‌తో తిప్పుతున్నాను. చూసుకో, ఎత్తు మీద గేరు మార్చావంటే ఆగిపోతుంది.”

“ఆగదు.”

“ఎప్పుడూ ఆగలేదా?”

“ఆగలేదు... ఒక్కసారి. వదిలెయ్.”

“ఎక్కడ?”

“సిప్పీఘాట్ నుంచి ఆస్పత్రికొచ్చే దారిలో, ఎత్తు మీద. పోయిన వానాకాలం. ఒకావిడకి గుండెనొప్పి, వెనక సీట్లో పడుకోబెట్టారు. నేనేం చేస్తాను భయ్యా? సెల్ఫు కొట్టి కొట్టి బ్యాటరీ దిగిపోయింది.”

“ఆవిడ?”

“ప్రభువు పిలుచుకున్నాడు.”

“ఆ రోజూ స్క్రూ ఇలాగే ఉందా?”

“ఇలాగే ఉంది. అయితే? అరే, నువ్వేంటి పోలీసోడిలా! పక్కనే కూర్చున్న ఆవిడ చెల్లెలే అంత అడగలేదు. పెట్రోల్‌లో నీళ్లు కలిశాయమ్మా అన్నాను. నమ్మింది. బస్, ఖతం.”

“సగం చుట్టన్నావు కదా?”

“సగం.”

“ఇదిగో.”

“హాఁ, బస్. చాలు.”

“ఆవిడ మొగుడేమన్నాడు?”

“ఊళ్లో లేడట. మాయాబందర్ పోయాడట, ఎవరిదో జీపు ఇంజన్ విప్పడానికి... భయ్యా?”

“ఊఁ.”

“నువ్వు... మాయాబందర్ వెళ్తుంటావా?”

“మానేశాను. పోయిన వానాకాలం నుంచి.”

“భయ్యా, నాకు తెలీదు. ప్రభువు తోడు, నాకు తెలీదు—”

“ఆవిడ పేరడిగావా?”

“లేదు.”

“దేముడమ్మ. నీ ఫోన్ మోగుతోంది, ఎత్తు.”

“హలో... లవీనా? ఎప్పట్నుంచి? అంబులెన్స్ రాలేదా? ఏడవకమ్మా, వస్తున్నా, వస్తున్నా... భయ్యా, స్క్రూ వెనక్కి తిప్పు. జల్దీ. పెట్రోల్ పోతే పోనీ.”

“నువ్వడిగినంతే తిప్పాను. ప్లయర్ పెట్టెలో పెట్టి తాళం వేశాను.”

“ఇంకో టాక్సీ లేదు భయ్యా! ఎవడి దగ్గరా పెట్రోల్ లేదు! నీ కాళ్లు పట్టుకుంటాను—”

“కాళ్లు వదులు. బండి తియ్యి, షట్టర్ దించాలి.”

“ఆ ఎత్తు మీదే ఆగిపోతే? వెనక సీట్లో నా కూతురు, భయ్యా! దానికేం చెప్పను?”

“పెట్రోల్‌లో నీళ్లు కలిశాయని చెప్పు. నమ్ముతుంది.”