హుస్సేన్ భాయ్ రాజహంసలు

ఏం చూస్తున్నవ్ అభిలాష్, గా మేకుకు వేలాడే దుర్బీనా? తీస్కో, చూడు. జర పైలం, కుడి దిక్కు అద్దం పగిలింది. నేనే కింద పడేసిన, ఇంకెవ్వరు పడేస్తరు. నాది కాదది, హుస్సేన్ భాయ్‌ది. పంజాగుట్టల కండ్లద్దాల దుకాణం ఉండె ఆయనకు. ఆయన పోయి పదేండ్లయింది. గీ అమీర్‌పేటల హాస్టల్ పెట్టిన కొత్తల, మీసోంటోళ్ళకు అద్దాలు కావాలంటే ఆడికే పంపుతుంటి. గట్ల చాయ్ కాడ దోస్తానా కలిసింది. అందరి చూపు సరిజేసినోడు గద, ఆయన కండ్ల నరాలే ఎండిపోవట్టె. ఉన్న చూపు సుత ఏడాదిల పోతదని డాక్టర్ చెప్పిండట. ఒకనాడు చాయ్ పక్కకు పెట్టి అన్నడు, "ఓదెలు భాయ్, చిన్నప్పుడు మా అబ్బాజాన్ సైకిల్ మీద తీస్కపోయి గులాబీ రంగు రాజహంసలను చూపెట్టిండు. కండ్లు పోయేలోపల ఒక్కపాలి మళ్ళ చూడాలె. తోడొస్తవా?" నేను గొప్పగ ఊఁ అన్న. నాకు ఎరుకైన పిట్ట కోడొక్కటే, గది సుత ఆదివారం మెనూల.

ఇగ చలికాలం మొత్తం ఆదివారం తెల్లారంగ నా స్కూటర్ మీద పటాన్‌చెరు దాటి ఒక చెరువుకు పోవుడే. కట్ట దిగితే మోకాలిలోతు బురద, తుంగ. నా చెప్పులు ఎన్ని పోయినయో లెక్కలేదు. ఆయనకేమో దూరంది కానరాదు, నేను చూసి చెప్పాలె. చెప్పేటోడు నేను, గదీ నసీబు! లకుముకి పిట్టను పాలపిట్ట అన్న. "నారాయణ పక్షి భాయ్, కదులుతనే లేదు, ఎంత ఓపిక!" అని అర్ధగంట మురిపించిన. కెమెరా పట్టుకున్న ఒక పిల్ల, నవీన అని, వచ్చి, "అంకుల్, అది ఎండిన మొద్దు" అన్నది. హుస్సేన్ భాయ్ బురదల కూలబడి నవ్విండు. "మొద్దుకు ఓపిక ఉండదా మరి" అన్నడు.

జనవరిల ఒకనాడు వచ్చినయి. రెండు వందలుంటయి, చెరువు నడుమ సన్నటి కాళ్ళ మీద నిలబడ్డయి. కెమెరాలోళ్ళు ఊపిరి బిగబట్టి కూసున్నరు. గాడ మాట్లాడొద్దు, దగ్గొద్దు, గదే కాయిదా. నేను ఆయన చేతిల దుర్బీన్ పెట్టి, తల పట్టి తిప్పి చూపెట్టిన. చాన సేపు చూసిండు. "నీళ్ళేవో పిట్టలేవో సమజైతలేదు ఓదెలూ, అంత మసక" అన్నడు. గప్పుడే నా ఫోన్ మోగె. హాస్టల్ నుంచి సాయికిరణ్, "అంకుల్, ట్యాంకుల నీళ్ళు లేవు!" మీ సంగతి తెల్వదా, కింద నుంచి మూడో అంతస్తుకు మొత్తుకొని మొత్తుకొని నాకు మెల్లగ మాట్లాడుడు మరిచిపోయింది. "మోటర్ వెయ్యుండ్రి రా!" అని ఒర్రిన. అన్ని ఒక్కపాలి లేచినయి! ఆకాశమంత గులాబీ. వంశీధర్ అని ఒకాయన, పెద్ద కెమెరా, "ఏంటండీ ఇది! బుద్ధుందా? తెల్లవారుజాము నుంచి కూర్చున్నాం!" అని నా మీదికొచ్చిండు. నలుగురు సుట్టుముట్టిండ్రు. బురదల పూడుకపోతే మంచిగుండు అనిపించింది. గంతల హుస్సేన్ భాయ్ లేచి నిలబడి, "కానొచ్చినయి! ఓదెలూ, కానొచ్చినయి! గులాబీ, పూరా గులాబీ!" అని నన్ను వాటేసుకుండు. "ఆయన్నేమనకుండ్రి, నాకోసమే లేపిండు" అన్నడు. అందరు సల్లబడ్డరు. ఒకామె ఫ్లాస్క్‌ల చాయ్ సుత పోసింది నాకు.

పంజాగుట్టల కనిపించినోళ్ళకల్ల చెప్పిండు, ఓదెలు చూపెట్టిండని. ఎండకాలం వరకు చూపు మొత్తం పోయింది. ఇంకో రెండేండ్లు బతికిండు. నాకు ఒక్కటే గుచ్చుతది బిడ్డా. పిట్టలు లేచింది చెరువు దిక్కు. కానొచ్చినయి అన్నప్పుడు హుస్సేన్ భాయ్ మొఖం కట్ట దిక్కుండె, ఆ తిట్టేటోళ్ళ దిక్కు. గులాబీ అనేది ఆయనకు చిన్నప్పటి నుంచి ఎరుకే. మరి చూసిండా, నా ఇజ్జత్ కోసం చూసిన అన్నడా? రెండేండ్లు రోజు పక్కపక్క కూసొని చాయ్ తాగినం. అడగలే. లేదంటడేమోనని...

నీ క్లాస్ ఎన్నింటికంటివి?