నాగపూరు వ్యాగను

మే నెల మధ్యాహ్నం. నూజివీడు మామిడి వ్యాపారి పాండురంగారావు స్టేషను నుంచి ఆదరాబాదరాగా ఇంటికొచ్చాడు. భార్య కామేశ్వరి వడ్డిస్తోంది.

"...అవునే, వచ్చేసింది! నాగపూరుకి వ్యాగను వచ్చేసింది! సాయంత్రం ఐదింటిలోగా ఎక్కించేయాలట."

"వ్యాగను ఇవ్వడానికి పన్నెండు రోజులు వాళ్ళకి, ఎక్కించడానికి నాలుగు గంటలు మీకా? మంచి మర్యాదే. కూర్చోండి, పప్పు చల్లారిపోతుంది."

"పప్పేంటే! షెడ్డులో వంద గంపల చిన్నరసాలున్నాయి. కూలీల్ని పిలుచుకు రమ్మని సాంబయ్యకి కబురు పెట్టు."

"మొదటి వ్యాగను ఏమైందన్నారూ?"

"సిమెంటు దింపడానికి పోయింది."

"రెండోది?"

"తలుపు మూసుకోలేదు."

"మూడోది వచ్చిందిగా?"

"వచ్చింది. గాలాడే బండి కాదు, ఇనప్పెట్టె. పళ్ళు ఉడికిపోవూ? అందుకే వద్దన్నాను."

"షెడ్డులో చల్లగా ఉన్నాయి కాబోలు."

"ఎగతాళి చాలు. నిరుడు లారీలో పంపితే ఏమైంది? రోడ్డు గుంతలకి సగం పోయె, చెక్‌పోస్టు దగ్గర పడిగాపులకి సగం పోయె. రైలయితే కుదుపుండదు."

"నిజమే. కుదుపుండాలంటే కదలాలిగా."

"బెజవాడ నుంచి వచ్చాక రోజూ షెడ్డుకి వెళ్ళి చూసుకుంటున్నాను. కుట్టిన గంపలు కుట్టినట్టే ఉన్నాయి. ఇవాళా ఘుమఘుమలాడుతున్నాయి."

"విప్పి చూశారా?"

"కుట్టిన గంప విప్పుతానా? మా నాన్న నాటి నుంచీ కొన్నవాడే విప్పాలి. నీకు తెలీదూ?"

"తెలుసు. అందుకే ధైర్యం చేశాను."

"ఏం ధైర్యం?"

"ముందు అన్నం కలుపుకోండి."

"కామేశ్వరీ!"

"వ్యాగను కోసం మీరు బెజవాడలో మూడు రోజులు కూర్చున్నారు కదండీ. ఇక్కడ పళ్ళు మెత్తబడిపోతున్నాయి. నేనూ, సాంబయ్య పెళ్ళాం, పేటలో ఆడవాళ్ళూ కలిసి గంపలు విప్పేశాం."

"విప్పేశారా!"

"సంచుల్లో సర్దుకుని పొద్దుటి పాసింజరెక్కాం. సీటు కింద ఒకటి, ఒళ్ళో ఒకటి. రోజుకి నలభై మంది, మూడు రోజులు."

"ఎక్కడికి?"

"బెజవాడే. మీరున్న రైల్వే ఆఫీసు ముందు నుంచే నడిచాం. మీరు బల్ల మీద కునుకు తీస్తున్నారు. లేపడం ఎందుకని..."

"అమ్మేశారా?"

"ఒక్క పండు తిరిగి తేలేదు."

"అబద్ధం! వచ్చాక కూడా చూశాను. వాసనొచ్చింది!"

"గంపకి నాలుగేసి పళ్ళు పైన ఉంచి కుట్టించాను. మీరు వాసన చూసి వచ్చేస్తారని తెలుసుగా."

"మరి కిందంతా?"

"వరిగడ్డి."

"అయ్యో, నాతో ఒక్క మాట చెప్పలేదేం?"

"చెబితే విప్పనిచ్చేవారా?"

"పన్నెండు రోజులు తిరిగి తిరిగి తెచ్చుకున్న వ్యాగనే! ఇప్పుడందులో ఏం పంపను?"

"గడ్డే పంపండి. మీ రైలు నాగపూరు చేరేదాకా చెడకుండా ఉండేది అదొక్కటే."