తీరికలేని మొసలి

బర్మాలో, ఐరావతి ఒడ్డున మాఊబిన్ రేవులో నా టీ కొట్టు. కిళ్ళీ నమలని నోరు మా ఊళ్ళో లేదు. ఆ నోళ్ళలో తెల్లమచ్చ కనిపిస్తే, అది క్యాన్సరుగా ముదరకముందే ఆసుపత్రికి కబురు చెయ్యడం సాన్ పో పని. కోతలు కొయ్యడం వాడి జబ్బు.

ఆ సాయంత్రం పడవ నడిపే కో తౌక్ టీ చల్లార్చుకుని తాగుతున్నాడు, కూరలో మిరపకాయలన్నీ ఏరి పక్కన పడేశాడు. నోరు చూపించుకోమని పెళ్ళాం ఏడ్చి మొత్తుకుంటుంటే "తీరిక లేదు" అంటాడట. సాన్ పో సరిగ్గా వాడి ఎదురుగా కూర్చుని అందుకున్నాడు.

"మొదట్లో నేను చూసింది ఒక్క నోరేనర్రా, మా మేనమామది. మచ్చ కనబడింది, చెప్పాను, బతికాడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? చూసి చూసి నాకిక నోరు తెరవమనే పనే లేకుండా పోయింది. గోడ మీద ఉమ్మి చూస్తే చాలు, ఉమ్మినవాడెవడో, వాడి ఏ పన్ను పుచ్చిందో గడగడా చెప్పేవాణ్ణి!"

"నా గోడ మీద ఉమ్మిందెవడో చెప్పవయ్యా, వాడిచేత సున్నం కొట్టిస్తాను" అన్నాను.

"ఆగక్కా! రంగూన్ నించి పెద్ద డాక్టర్లొచ్చి, 'దేశంలో నోళ్ళన్నిటికీ కాపలా ఎట్లా పెట్టాలి బాబూ' అని కాళ్ళావేళ్ళా పడ్డారు. నన్ను ఐరావతి ఒడ్డున కూర్చోబెట్టండి చాలన్నాను. ఎగువన జనం పుక్కిలించిన నీళ్ళన్నీ ఇటే కదా వచ్చేది! దోసెడు రుచి చూసి, 'మాండలేలో నీలం తలుపు ఇల్లు, ముసలమ్మ, కింది దవడ' అని ఫోన్ కొట్టేవాణ్ణి!"

"ఛీ ఛీ!" అంటూ అందరూ పడీపడీ నవ్వారు. కో తౌక్ మాత్రం పెదాలకి అరచెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. సాన్ పో ముక్కాలిపీట ముందుకు జరిపాడు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఈ సంగతి ఏట్లో మొసళ్ళకి తెలిసిపోయింది. తెల్లారేసరికి రేవు నిండా మొసళ్ళు, నోళ్ళు తెరుచుకుని బారులు తీరి! అన్నీ చూపించుకున్నాయి గానీ ఒక్క మొండి మొసలి మాత్రం దవడ బిగించింది. ఏమే అంటే, 'తీరిక లేదు' అంది."

"మొసలి మాట్లాడిందా బాబాయ్?" అన్నాడు పక్క బల్ల దగ్గరి కుర్రాడు.

"మన భాషే. కాస్త పడవవాళ్ళ యాస."

కో తౌక్ పగలబడి నవ్వాడు. చెయ్యి జారింది. సాన్ పో టార్చి అప్పటికే వెలిగింది.

"ఎడమ బుగ్గ లోపల" అన్నాడు మెల్లగా. "చిన్నదే. ఇప్పుడైతే డాక్టర్ల చేతిలో పని. రేపు పొద్దున్నే నీ పడవలోనే పోదాం, నేనూ వస్తా."

కో తౌక్ మొహం పాలిపోయింది. "అయితే... ఆ ఉమ్మి చదవడాలూ, మొసళ్ళూ?"

"ఎక్కడివిరా తమ్ముడూ!" అన్నాను. "వీడికి ఈతే రాదు. ఉన్నదల్లా ఆ టార్చీ, ఆ అబద్ధాలూ. చివరికి ఆ మేనమామ కూడా అబద్ధమే. వీడు మొట్టమొదట చూసిన నోరు నాది. ఇదే బల్ల దగ్గర, ఏనుక్కి పళ్ళు తోమానని చెబితే నవ్వి దొరికిపోయాను. అందుకే ఇవాళ నీకు టీ పోస్తున్నాను. పొద్దున్నే పో."

కో తౌక్ తల ఊపాడు.

సాన్ పోకి రోషం పొడుచుకొచ్చింది. "ఒక్క ఏనుక్కి కాదక్కా. మందకి!"

నేను నోరు బార్లా తెరిచి నవ్వాను. వాడు టార్చి ఇటు తిప్పాడు.