పన్నెండు మందికి ఒక నోరు

శవాన్నయినా తేలేకపోయాడని మీ చిన్నాన్న నలుగురిలో అన్నాడట నన్ను. తమ్ముడిలాంటి తోడల్లుణ్ణక్కడ వదిలేసి తను మాత్రం విమానమెక్కి వచ్చేశాడని. ఎలా తెమ్మంటాడో ఆయన్నే అడగాల్సింది. అదేమన్నా పక్క వీధా, భుజాన వేసుకు రావడానికి? బతికున్నవాళ్ళనే గుమ్మం దాటనివ్వని రోజులమ్మాయ్ అవి. పోయినవాళ్ళని ఎవరు పంపిస్తారు?

అసలు మీ ఆయన పోయిన నాటికి నేనెక్కడున్నాను? ఇక్కడే, బళ్ళో. విమానం దిగినవాళ్ళందర్నీ తీసుకెళ్ళి బళ్ళో పెట్టి బయట గడియ వేశారు. నల్లబల్ల కింద చాప. ఆ చాప మీద పడుకునుంటే ఫోనొచ్చింది. ఏడవడానికి ఓ మూలన్నా లేదు, చుట్టూ ముప్ఫై మంది. ఆ సంగతి మీ చిన్నాన్నకి ఎవరూ చెప్పలేదనుకుంటా.

కూర్చో, నిలబడే ఉన్నావేం? మీ అక్క మేడ మీద బట్టలు తీస్తోంది, వచ్చేస్తుంది. మంచినీళ్ళు తాగుతావా? వద్దా. సరే, నీ ఇష్టం.

ఏడాదయింది. ఏడాదిపాటు ఈ గడప తొక్కలేదు నువ్వు. ఇవాళొచ్చావు, సంతోషం. బావ మీద కోపం ఉంటుంది, ఉండదని ఎవరన్నారు? తీసుకెళ్ళింది నేనే కదా. ఎండా లేదు, వానా లేదు, నీడపట్టున పని అని మీ అమ్మ ఎదురుగా కూర్చుని చెప్పింది నేనే కదా. అది అబద్ధమూ కాదు. నీడపట్టే.

నీకాయన ఏం చెప్పేవాడో నాకు తెలీదు. చాకిరేవులాంటిదే అనుకో, కాకపోతే అంతా యంత్రాలు. ఊళ్ళో ఉన్న హోటళ్ళన్నిటి దుప్పట్లూ తువ్వాళ్ళూ అక్కడికే వస్తాయి. ఈ చివర మూటలు విప్పి వేరుచేసే బల్ల. మధ్యలో ఉతికే యంత్రాలు, ఒక్కోటీ మనిషి నిలబడేంత. ఆ చివర ఇస్త్రీ రోలర్లు. పొద్దస్తమానం ఆవిరి. చొక్కా ఒంటికి అతుక్కుపోయి, విప్పితే చర్మం ఊడొస్తుందేమో అనిపించేది.

అందులో మనవాళ్ళం పన్నెండు మందిమి. పన్నెండు మందికీ ఒకటే గది, మంచం మీద మంచం. నేను కింద, నా పైన మీ ఆయన. అక్కడి భాష వచ్చిందల్లా నాకొక్కడికే, తొమ్మిదేళ్ళయింది కదా నేను వెళ్ళి. ఎవడికి పన్ను నొప్పొచ్చినా, సెలవు కావాలన్నా, బూటు కరిచినా సూపర్‌వైజరుకి నేనే చెప్పాలి. అందుకని నన్ను ‘నోరు’ అనేవాళ్ళు. నోరేడిరా అంటే నోరు స్నానానికెళ్ళిందనేవాళ్ళు. మొదట్లో ఒళ్ళు మండేది. తరవాత్తరవాత బాగానే అనిపించింది. ఊళ్ళో నన్ను ఎవడు పట్టించుకున్నాడు గనక? అక్కడ పదకొండు మంది నా మొహం చూసేవాళ్ళు, నేనేం చెబుతానోనని.

ఒకసారి బాయిలరు దగ్గర పనిచేసే పెద్దాయన, బాయిలరు మామ అనేవాళ్ళం, సూపర్‌వైజరు మీద మండిపడ్డాడు. నీ మొహం మండ, నీ చేతులు పడిపోనూ అని తెలుగులో ఎడాపెడా తిట్టేశాడు. సూపర్‌వైజరు నా వైపు చూశాడు, ఏమంటున్నాడని. మీ చేతి చలవ వల్లే మేమంతా చల్లగా ఉన్నామంటున్నాడండీ అన్నాను. ఆ వెర్రిబాగులవాడు వెళ్ళి బాయిలరు మామకి షేక్‌హ్యాండిచ్చాడు. గదిలో వారంపాటు అదే నవ్వు. మీ ఆయనైతే కళ్ళ నీళ్ళు పెట్టుకుని నవ్వాడు. నీకు చెప్పే ఉంటాడు.

చెప్పాడా? అనుకున్నాను.

ఏం మాట్లాడవేం? సరే, నేనే మాట్లాడతాను. నాకు అలవాటే.

జబ్బు మొదలయ్యాక హోటళ్ళు మూసేశారు. మాకు పనుండదు, ఇంటికి పంపించేస్తారనుకున్నాం. ఎక్కడ. ఆ హోటళ్ళనే రోగులకిచ్చారు. దుప్పట్లు రెట్టింపయ్యాయి. పసుపు పచ్చ సంచుల్లో కట్టి పడేసేవాళ్ళు. వాటిని విప్పి, దులిపి, వేరుచేయాలి. ఎవరు చేస్తారు? ఎదురు చెప్పనివాడెవడో చూసి చెప్పమన్నాడు సూపర్‌వైజరు. నేను మీ ఆయన్ని చూపించాను.

అలా చూడకు. ఎవర్నో ఒకర్ని చూపించాలి కదా? బయటివాడైతే నా మీద పడి కరుస్తాడు. మనవాడు నా మాట కాదనడు. సరే అన్నయ్యా అన్నాడు, గ్లౌజులు తొడుక్కున్నాడు, వెళ్ళి బల్ల దగ్గర నిలబడ్డాడు. సంచి విప్పి ఒకటీ, రెండూ అని అక్కడి భాషలో గట్టిగా లెక్కపెట్టాలి, రాసుకునేవాడికి వినబడేలా. రోజూ అరిచి అరిచి మీ ఆయనకి అంకెలన్నీ వచ్చేశాయి. పక్కనే ఉండే వేరే దేశం వాళ్ళు కూడా మెచ్చుకునేవాళ్ళు, యాస బాగా పట్టాడని.

శనివారం దగ్గు మొదలైంది. దుప్పటి మొహానికి అదుముకుని దగ్గేవాడు. ఎంత అదిమినా మంచం ఊగదూ? నా మంచమూ ఊగేది. ఆదివారం అన్నం వదిలేశాడు. సోమవారం మెట్ల మీద సగం దాకా వచ్చి కూర్చుండిపోయాడు. కూర్చున్నావేంరా అంటే, బూటు తాడు కట్టుకుంటున్నానన్నాడు. ఆ రోజు వేసుకుంది చెప్పులు.

ఆ సోమవారమే నువ్వు నాకు ఫోన్ చేశావు. ఆయన గొంతు అదోలా ఉంది బావా, ఎలా ఉన్నారని అడిగావు. గుండ్రాయిలా ఉన్నాడన్నాను. అవును, అన్నాను. నిన్ను భయపెట్టి ఏం లాభం?

ఏమిటది, కవరా? ఇలా తే. ఓహో, అక్కడి క్లినిక్కు కాగితం. నీకెలా వచ్చింది? కంపెనీ పంపిందా, ఇన్నాళ్ళకి. ఇందులో ఏముంటుందమ్మా, జ్వరం, దగ్గు, మాత్రలు. డాక్టరు గీతలు. దాచుకో, జ్ఞాపకంగా ఉంటుంది.

చదవాలా? కళ్ళజోడు... ఆ, ఇక్కడే ఉంది. 

మంగళవారం ఉదయం. మగమనిషి, ముప్ఫై నాలుగేళ్ళు. చాలా రోజుల నుంచి ఆయాసంగా ఉందని చెప్పాడు. పరీక్ష చేశాం. పెద్దాసుపత్రికి రాద్దామంటే మంచాలు ఖాళీ లేవు. మందులిచ్చి పంపాం. అంతే, కింద సంతకం. చూశావా, వాళ్ళు మాత్రం ఏం చేస్తారు? మంచాలే లేకపోతే.

వెనక్కి తిప్పమంటావేం? వెనకేముంది?

ఇది... ఇది తెలుగు. ఎవరు రాశారిది?

అంటే, ఎవరి చేతో చదివించి, తెలుగులో రాయించుకునే వచ్చావన్నమాట. అంతా తెలిసి, మళ్ళీ నా చేత చదివించావన్నమాట. బాగుంది. మెత్తనిదానివనుకున్నాను నిన్ను. మీ ఇంటిల్లిపాదీ నిన్ను చూసి అదే అంటారు.

ఏమని రాసుందిక్కడ? ‘ఆయాసం ఈ రోజు పొద్దుటి నుంచేనని దుబాసీ ద్వారా చెప్పాడు.’ దుబాసీ అంటే నేనే. అవునమ్మాయ్. నేనే.

తిట్టు. లేకపోతే విను. తలుపు కాస్త దగ్గరకి వెయ్యి, మీ అక్క దిగొస్తే ఇంక నోరు పెగలదు నాకు.

మంగళవారం పొద్దున్న వాణ్ణి నేనే నడిపించుకుంటూ తీసుకెళ్ళాను క్లినిక్కుకి. గేటు పక్కనే, రేకుల గది. నాలుగడుగులకోసారి ఆగుతున్నాడు. అప్పటికి నా జేబులో ఓ కాగితముంది. గురువారం విమానం. మా దగ్గర్నుంచి ఒక్కడికే చోటు, సూపర్‌వైజరు నా పేరు రాశాడు. తొమ్మిదేళ్ళు వాడికి నోరుగా ఉన్నందుకు.

అక్కడ ఓ పద్ధతి పెట్టారు. జబ్బు ఆ రోజే మొదలైందంటే ఆ మనిషినొక్కణ్ణే తీసుకెళ్ళి స్టోరు గదిలో పడుకోబెడతారు. మూడు రోజులు దాటిందంటే మనిషిని పెద్దాసుపత్రికి పంపిస్తారు, గదిలో మిగిలినవాళ్ళందర్నీ మూడు వారాలు బిగిస్తారు. పదకొండు మందినీ. నన్ను కూడా.

ఇంటికి ఎందుకంత తొందరని అడగవేం? ఇంట్లో ఎవరికన్నా ప్రాణం మీదికొచ్చిందా అంటే, లేదు. పెళ్ళా, పేరంటమా, ఏమీ లేదు. భయం. ఆ గదిలో, ఆ ఊగే మంచం కింద, ఇంకో మూడు వారాలు ఉండలేననిపించింది. అంతకు మించి పెద్ద కారణమేదన్నా చెబుదామని ఏడాదిగా వెతుకుతున్నాను. దొరకలేదు.

డాక్టరమ్మ చిన్నపిల్ల. మొహానికి ప్లాస్టిక్కు అద్దం, దాని లోపల చెమట. ఆవిడా ఎన్ని గంటల నుంచి నిలబడిందో పాపం. ఎన్నాళ్ళ నుంచి ఆయాసమని అడిగింది. నేను తెలుగులో అడిగాను. శనివారం నుంచన్నయ్యా, నాలుగు రోజులైంది, గాలి అందట్లేదని చెప్పమన్నాడు.

ఈ పొద్దుటి నుంచేనట, అన్నాను ఆవిడతో.

మాట బయటికి వచ్చేసింది. నేననుకున్నంత కష్టం కూడా అనిపించలేదు.

ఇదంతా నీకు తెలిసిందే, వెనక రాసుంది. ఇంకేం కావాలి? చెప్పు. పోలీసుల దగ్గరికి వెళతావా? ఏ దేశం పోలీసుల దగ్గరికి? మీ చిన్నాన్నతో చెబుతావా? చెప్పు. ఆయన ఇంకో నలుగురిలో అంటాడు.

ఏ ముక్క? ఎక్కడ? ...ఇదా. ‘రోగి కోరిన మీదట నాలుగు మాత్రలు ఇవ్వడమైనది.’

ఇదెందుకిప్పుడు? ఇంత చదివి నీకిదొక్కటేనా పట్టింది?

ఆయన మాత్ర మింగడంటావు. అవును, నాకూ తెలుసు. జ్వరమొచ్చినా మింగేవాడు కాదు, గొంతులో అడ్డం పడుతుందని. చిన్నపిల్లాడిలా నలిపి నీళ్ళలో కలిపిమ్మనేవాడని నువ్వే ఒకసారి చెప్పి నవ్వావు. అలాంటివాడు నాలుగు మాత్రలు ఎందుకడిగాడంటావు. అదేగా?

వదిలెయ్యమ్మాయ్. తెలుసుకుని ఏం చేస్తావు?

సరే.

చెప్పానుగా, బల్ల దగ్గర లెక్కపెట్టి లెక్కపెట్టి అంకెలు వచ్చేశాయని. నేను ఆవిడతో అన్నదాంట్లో తను చెప్పిన అంకె లేదు. ఆ మాత్రం తెలిసింది వాడికి. నా మొహంలోకి చూశాడు. కోపంగా కాదు, నేనే పొరపాటున తప్పు చెప్పాననుకున్నట్టు. తరవాత ఆవిడ వైపు తిరిగాడు. మాట్లాడదామంటే దగ్గొచ్చింది. చెయ్యెత్తి చూపించాడు. నాలుగు వేళ్ళు. బొటనవేలు అరచేతిలోకి మడిచి, నాలుగు వేళ్ళు ఆవిడ అద్దం ముందు పెట్టాడు.

ఆవిడ నన్నడిగింది. ఏమంటున్నాడు ఈయన, అని.

అప్పుడన్నా చెప్పొచ్చు. ఒక్క మాట. నాలుగు రోజులట అమ్మా, నేను సరిగ్గా వినలేదు అంటే అయిపోయేది. ఎవరూ నన్నేమీ అనేవాళ్ళు కాదు.

నాలుగు మాత్రలు ఇమ్మంటున్నాడండీ, అన్నాను.

డాక్టరమ్మ నవ్వింది. అలాగే, ఇస్తాను అని లెక్కపెట్టి చిన్న కవర్లో వేసింది. వాడి చేతిలో పెట్టి, చెయ్యి మూసింది. వాడు ఆ కవరు చూసుకున్నాడు. చాలాసేపు చూసుకున్నాడు. వేళ్ళు మళ్ళీ ఎత్తలేదు.

బయటికొచ్చాం. స్టోరు గది దాకా నేనే తీసుకెళ్ళాను. ఓ చోట గోడ పట్టుకుని ఆగాడు. అడుగుతాడు, ఎందుకిలా చేశావని అడుగుతాడు అనుకున్నాను. ఏదో ఒకటి చెబుదామని సిద్ధంగా కూడా ఉన్నాను. అడగలేదు. గురువారమేనా అన్నయ్యా, విమానం, అన్నాడు. ఎవరికీ చెప్పలేదు నేనా సంగతి. వాడికెలా తెలిసిందో.

అవునన్నాను.

‘నువ్వెళ్ళిపోతే ఇంక నా గురించి వీళ్ళకెవరు చెబుతారన్నయ్యా?’ అన్నాడు.

ఎవరో ఒకరు దొరుకుతారులేరా, అన్నాను.

శనివారం దాకా బతికాడు. గది బయటి నుంచి బాయిలరు మామ చూశాడట. మీ ఆయన, వచ్చినవాళ్ళకల్లా తన గుండె చూపించి, చేతులతో ఏదో చెబుతూనే ఉన్నాడట. వాళ్ళు తలూపి వెళ్ళిపోయేవాళ్ళట.

ఎవరూ దొరకలేదు. ఏం చెయ్యమంటావు?