కోనేటి మెట్ల మీద

చిత్తూరు బెల్లం మండీ గురప్ప కూతురిచేత ప్రమాణం చేయించడానికి కాణిపాకం తీసుకొచ్చి గుడి ముందర కాచుకుని ఉన్నాడు. కోనేటి మెట్ల మీద అతని భార్య ఆనందమ్మ, కూతురు జ్ఞానాంబ.

“ఇంకా మునగలేదేమే? మీ నాయన పూజారిని పక్కన పెట్టుకోని ఆడ నిలబడుండాడు.”

“మునగను మా.”

“మునగవా? ఆ సంపత్కుమార్‌తో నాకే సంబంధమూ లేదు, ఇకమీదట ఉండదు అని ఒక్క మాట సెప్పేదానికి నోరు పెగల్దా?”

“అబద్ధం ఎట్ల సెప్పేది?”

“వాణ్ణి వదిలెయ్యి, అదే నిజమయితాది!”

“వదల్ను.”

“వదల్దంట! తిరుపతిలో కాలేజీకి పంపితే ఇదా నువ్వు సదివింది? వాళ్ళు అయ్యంగార్లు గదే. గుడిలో ప్రసాదం వండేవాళ్ళు. వాళ్ళమ్మ నిన్ను వంటింటి గడప తొక్కనిస్తాదా? నువ్వు తాకిన సెంబు మళ్ళా కడుక్కుంటాది.”

“కడుక్కోనీ.”

“ఆదివారమైతే కోడికూర లేంది నీకు ముద్ద దిగదు. ఆడ ఏం తింటావే?”

“పులిహోర.”

“పళ్ళు రాలగొడతా! నవ్వులాటగా ఉండాదా నీకు? రేపు వాళ్ళ నాయన ఒక్క కసురు కసిరితే, ఆ పిల్లోడు నిన్ను బస్టాండులో కూసోబెట్టి పారిపోతాడు. అప్పుడు నువ్వు ఏ రైలు కిందనో... థూ, నా నోట్లో మన్ను పడ!”

“పోడు మా.”

“నీకెట్ల తెలుసు?”

“ఈ దేవుడి ముందర మాటిచ్చి తప్పితే ఏమయితాది? నువ్వే సెప్తావు గదా.”

“ఏమయితాదా? దొరస్వామి మామ, ఎవురిదో ఆవును నేను తోలుకుపోలేదని ఈడ అబద్ధపు ప్రమాణం సేసి, ఊరు సేరకముందే కాలూ సెయ్యీ పడిపోయినాడు. అందుకే నిన్ను ఈడికి తెచ్చినాము. రేపు నీ మనసు మళ్ళినా, ఆ భయానికన్నా అణిగుంటావు.”

“తప్పితే ప్రాణానికే వస్తాదా?”

“వస్తాది. లే, మునుగు!”

“సరే మా, మునగతా. మరి పోయిన శుక్రవారం సేసిన ప్రమాణాన్ని ఏం సేసేది?”

“ఏం... ఏం ప్రమాణమే?”

“ఆయనా నేనూ ఈ మెట్ల మీదే మునిగి, తడిబట్టల్తో పోయి సేసినాము. నేను ఆయన్ని తప్ప, ఆయన నన్ను తప్ప ఎవుర్నీ పెళ్ళాడమని.”

“నీ కాళ్ళిరగా... కాదు సామీ, కాదు, నా మాట పట్టించుకోవద్దు! ఎవుర్నడిగి సేసినావే పాపీ?”

“మునగమంటావా, వద్దా?”

“నీళ్ళల్లో కాలు పెట్టినావంటే సంపేస్తా! రా పైకి! ఏమయ్యో... పూజారిని పొమ్మను! తిరుపతి బస్సు యాడ నిలస్తాదో అడుగు, ఆ అయ్యంగారి కాళ్ళు పట్టుకోవాల!”