మిషన్ ఆగకముందే

సావదు! సావదు గాక సావదు! నాలుగేండ్ల కింద గీ కిటికీ కాడనె చెప్పిన, ఇయ్యాల గూడ గదే చెప్తున్న. కుట్టుమిషన్ సినిమాల తల్లి సావదు. కొడుకు మిషన్ తెస్తడు, తల్లి లేసి కూసుంటది, కుడ్తది. శుభం. అయిపాయె.

ఏందట్ల కండ్లద్దాలు తీస్తవు? నువ్వు కండ్లద్దాలు తీసినవంటె "వంటామెకు ఏం తెలుస్తుందిలే" అని లెక్క. నాకు తెల్వదా? ఈ లేడీస్ హాస్టల్ల పన్నెండేండ్ల సంది రొట్టెలు చేస్తున్న. ఎవలు ఏ మొఖం పెడ్తె ఎన్ని రొట్టెలు తింటరో చెప్తా. నీది గిప్పుడు ఒక్క రొట్టె మొఖం.

జర నవ్వరాదు? ఇజ్జత్ ఇడిశిపెట్టి వచ్చిన. నాలుగేండ్ల సంది నువ్వు జీతం గీ కిటికీలకెల్లి నూకుడు, నేను వేలిముద్ర ఏసుడు, గింతేనాయె మన ముచ్చట. ఇయ్యాల నేనే వచ్చిన. "కరుణమ్మా" అని పిలిచిన గూడ. పని పడితె కరుణమ్మ, లేకుంటె గుంటూరు క్లర్కమ్మ. అవ్, నా బుద్ధి గంతే. దాయను.

తలుపు దగ్గరికెయ్యి. ఎవలన్న ఇంటరు.

ఇయ్యాల మాపటికి హాస్టల్ డే కద. బ్యాడ్మింటన్ కోర్టుల తెల్ల దుప్పటి కట్టిండ్రు. డబ్బాలల్ల రీళ్లు వచ్చినయి. ఏ సినిమా? కుట్టుమిషన్ సినిమా. గదే తెమ్మని చెప్పింది ఎవలు? నేనే! ఇంకెవలు చెప్తరు, నాకున్నంత తెలివి ఎవలకున్నది?

మెట్ల కాడ బోర్డు మీద పిల్లలు రాసిండ్రు చూసినవా? "సారలమ్మ మెచ్చిన అయిదు సినిమాలు" అని. నాకు చదువ రాదు గని రోజుకు రెండుసార్లు పోయి చూసొస్తున్న, ఎవలన్న తుడిచిండ్రేమో అని. మొన్న వానజల్లు పడితె కొంగు అడ్డం పట్టిన. సిగ్గు లేదు నాకు.

సినిమా పేర్లు నాకేం ఎరుక? పోస్టరు మీద ఏం రాసుంటదో అది రాసినోనికే తెల్వాలె. నా పేర్లు నాయి. అన్నిట్ల మొదటిది కుట్టుమిషన్ సినిమా. ఇగ పడవ గుడ్డాయన సినిమా. కండ్లు లేవు గని, నీళ్ల చప్పుడు ఇని ఏ ఊరొచ్చిందో చెప్తడు. పోస్టుమాన్ సినిమా ఉన్నది సూడు, చదువు రాని పొల్లకు పోస్టుమానే దొంగ ఉత్తరాలు రాస్తడు, మల్ల ఆయనే చదివి వినిపిస్తడు. అత్తా కోడలు ఒక్క చీరనె మార్చి మార్చి కట్టుకునే సినిమా గూడ రాయించిన. అయిదోదాంట్ల కథే లేదు. తొమ్మిది పాటలు, అంతే. అది ఎందుకు మెచ్చినవు అని పిల్లలు అడిగిండ్రు. ఎప్పుడు లేసి పోయినా నష్టం లేదు బిడ్డా అన్న. వాళ్లు నవ్విండ్రు. నేను మాత్రం నిజమే చెప్పిన.

చెప్తా, గీ మాట కాడికే వస్తున్న.

బోర్డు పోతె పోనీ. నా భయం సుగుణ గురించి. మానుకోట పిల్ల, పదకొండో రూము, ఎండిన చిక్కుడుకాయ లెక్క ఉంటది. దసరా ముంగట తల్లి పోయింది కద. అప్పటిసంది సగం రొట్టె తిని పళ్లెం నూకుతది. ఆటకు రాదు, పాటకు రాదు. ఒక్కనాడు ఊకె గోడకు చూసుకుంట కూసున్నదని కుట్టుమిషన్ సినిమా కథ చెప్పిన. "ఆఖర్ల తల్లి లేసి కూసుంటది బిడ్డా" అన్న. రెండు రొట్టెలు తిన్నది! తెల్లారి మల్ల చెప్పిన. మల్ల రెండు. మూడు నెలల సంది గదే కథ, గవే రెండు రొట్టెలు. నా దవడలు నొస్తున్నయి గని ఇడిశిపెట్టలే.

నీ రిజిస్టర్ల అందరు సినిమాకు రూపాయి రూపాయి చందా ఇచ్చిండ్రు, ఒక్క సుగుణ ఇయ్యలే. నువ్వే వార్డెనమ్మకు చెప్తుంటె విన్న. నాకు ఆగుతదా? పోయిన. "రా బిడ్డా, ఆ తల్లి లేసుడు నీ కండ్లతోని చూద్దువు" అని గడ్డం పట్టుకొని బతిలాడిన. "మాపటివరకు చెప్తా సారలమ్మా" అన్నది.

గిప్పుడు నువ్వు చెప్పు. నీ దేవుని మీద ఒట్టేసి చెప్పు. ఆ తల్లి లేస్తదా, సస్తదా?

నన్నడుగుతవేంది, నువ్వు చూసినవు కద అంటవా?

చూడలే.

అగో! నోరు మూసుకో, ఈగ పోతది.

కుట్టుమిషన్ ఒక్కటే కాదు, ఏ సినిమాది గూడ ఆఖరు చూడలే నేను. సికింద్రాబాద్‌ల మ్యాట్నీ ఇడిశెవరకు అయిదున్నర. గీడ అయిదున్నరకు పొయ్యి రాజెయ్యాలె. అయిదు కొడ్తుండంగ లేస్తా, కొంగు నెత్తి మీదికి గుంజుకుంటా, బస్సు కాడికి ఉరుకుతా. ఇంకోటి గూడ ఉన్నది. దీపాలు పడ్డంక లోపల ఉంటె ఎవలన్న చూడరా? "సమ్మయ్య పెండ్లాం బొట్టు తీసింది గని సినిమాలు ఇడువలే" అనరా?

సమ్మయ్య ఉన్నప్పుడు చూసినయి మూడే. పేర్లు పడంగనె గుర్రు పెట్టేటోడు. నడుమల లేసి, లాలాగూడ కార్ఖానల నైట్ డ్యూటీ ఉన్నదని నన్ను గూడ గుంజుకొచ్చెటోడు. ఆయన పోయిన ఎనిమిదేండ్లల్ల ముప్పై చూసిన. ఈ లెక్క బయట చెప్పకు, అన్నం పెట్టరు నాకు.

మరి పిల్లలకు ఆఖరు ఎట్ల చెప్తున్నవు అంటవా? కట్టి చెప్తున్న! బస్సు ఎక్కితె తార్నాకకు ఇరవై నిమిషాలు. మెట్టుగూడ వచ్చెవరకు సచ్చినోళ్లు లేస్తరు. తార్నాకల దిగెవరకు పెండ్లిళ్లు అయితయి. బస్సు ఖరాబయి ఆగిందనుకో, దుష్టుడు గూడ వచ్చి కాళ్లు మొక్కుతడు. ఎవలను సంపుడు నాతోని కాదు. టికెట్ పెట్టి పోయి, మల్ల ఏడ్సుకుంట వచ్చి రొట్టెలు చేయాల్నా?

శుభం అని రాస్తరంట కద, గది ఎట్లుంటదో గూడ నాకు తెల్వది. ఏదీ, రాసి సూపెట్టు. గీ కాయితం మీద రాయి.

రెండక్షరాలేనా? గింత సున్న? దీనికోసమా అంతమంది కాళ్లు తిమ్మిరెక్కేదాక కూసుండేది!

సమ్మయ్యది గూడ ఆఖరు చూడలే కరుణమ్మా. రాత్రంతా దవాఖాన్ల కూసున్న. పొద్దుగాల రొట్టెలు చేసి రెండు తీస్కపోదామని వచ్చిన. పోయెవరకు మంచం మీద దుప్పటి మడతబెట్టి ఉన్నది. దానికి మాత్రం వేరే ఆఖరు కట్టరాలే. అట్ల చూడకు. నేను ఏడ్వను, నువ్వు ఏడ్వకు. రిజిస్టరు తడుస్తది.

సినిమా సంగతి చూడు. పెద్ద కొడుకు మిషన్ నెత్తిన పెట్టుకొని వానల ఉరుకుతున్నడు, అప్పుడు లేసిన నేను. పరదా ఎత్తుకొని బయటకొస్తుంటె ఎనుకకెల్లి ఇనబడ్డది, టకటకటక అని మిషన్ చప్పుడు. ఇగ నడుస్తున్నదంటె తల్లి తొక్కుతున్నట్టే కద! తొక్కుతున్నదంటె బతికినట్టే కద! గా చప్పుడు పట్టుకొని నాలుగేండ్లు నీతోని కొట్లాడిన.

ఏందీ?

తొక్కుకుంట తొక్కుకుంటనా? ఆగిందా? కాలు మిషన్ మీదనే పెట్టి... సూదిల దారం అట్లనె ఉన్నదా?

ఇంకొక్క నిమిషం నిలబడితె ఆగుడు గూడ ఇనబడేది నాకు. బస్సు పోతదని ఉరికిన.

సరే. సచ్చింది. నువ్వే గెలిచినవు, సంబురపడు. గని నువ్వు అప్పుడన్న మాట నేను మర్వలే. "ఆవిడకి అలాగే కావాలి" అన్నవు! సచ్చిన తల్లిని పట్టుకొని అంత మాట అంటరా ఎవలన్న? పెద్దోని కడుపు మాడ్చి, చిన్నోని చదువుకు మిషన్ అమ్మింది, అట్లాంటి తల్లికి సావే సరి అంటివి. కన్న కొడుకును పక్కకు పెట్టి, వాగుల కొట్టుకొచ్చిన పసిగుడ్డును ఏరుకొచ్చి సాదిందంటె ఆమె గుండె ఎంతది, నీ గుండె ఎంతది?

ఏం వాగు అంటవేంది?

వాగు, కరుణమ్మా. మొదట్లనే వస్తది కద వాగు. వాన పడ్తది, తట్టల పిల్లగాడు కొట్టుకొస్తడు, ఆమె మొల లోతు నీళ్లల్ల దిగుతది. "ఈడు ముందల తిన్నంకనె నా కొడుకు తింటడు" అని వాగుకు మొక్కుతది. గా మొక్కు కోసమే పెద్దోడు పస్తులున్నది.

చిన్నోడు ఏరుకొచ్చిన పిల్లగాడని నీకు తెల్వనే తెల్వదా?

ఆగు. ఆగాగు. మొఖం అటు తిప్పకు. మొదటి సీను ఏందో చెప్పు. పోనీ, మొదటి పాట? ఏదన్న ఒక్క సినిమాల మొదటి సీను చెప్పు!

అవ్వ! నువ్వు ఆలస్యంగ పోతవు!

మీ చర్చోళ్లు చూస్తరనా? దీపాలు ఆర్పినంక, అందరు కూసున్నంక, పేపరు అడ్డం పెట్టుకొని పోతవా? ఎంతసేపయినంక? అరగంటనా! అరగంట బయట ఏం చేస్తవు? సోడాబండి ఎనుక నిలబడ్తవా? అయ్యో నా తల్లీ! సర్టిఫికేట్ల మీద ముద్రలేసే చేతులు, సోడాబండి ఎనుక!

నవ్వనీ నన్ను, ఆపకు. నాలుగేండ్లు! తల లేని దానివి నువ్వు, తోక లేనిదాన్ని నేను. ఇద్దరం కలిస్తె ఒక్క సినిమా. బోర్డు మీద పేరు నాకు, చదువుకున్న పేరు నీకు. ఊరంత సినిమా చూస్తది, మనం మాత్రం సినిమా తోని దాగుడుమూతలాడినం.

గని గిప్పుడు సుగుణ సంగతి? ఆలోచన చెప్పు.

నేనొకటి అనుకున్న. మిషన్ నెత్తిన పెట్టుకొని ఉరుకుతడు సూడు, అప్పుడు ఇత్తడి పళ్లెం తీసి ధనధన కొడ్తా. "కోడికూర అయిపోతున్నది!" అని మొత్తుకుంటా. అందరు లేసి ఉరుకుతరు. హాస్టల్ మొత్తం నా లెక్కనె ఆఖరు చూడకుంట... ఏందీ, వద్దా? ఎందుకు వద్దు?

నిజం చెప్పాల్నా? నేనా? ఆ పిల్లకా?

నీకేంది, చెప్పమంటవు. రొట్టెలు లెక్కపెట్టేది నేను. మూడు నెలలు నోరు నొప్పి పెట్టంగ లేపిన తల్లిని, నేనే పోయి మల్ల పండబెట్టాల్నా?

అగో. వస్తున్నది. సుగుణనే. నువ్వు మాట్లాడకు. నేనే చెప్తా.

దా బిడ్డా. చందా తర్వాత, ముందల నా మాట ఇను. ఆ కుట్టుమిషన్ తల్లి లేవదు. నేను అబద్ధం చెప్పిన. ఆఖరు చూడనే లేదు నేను. మిషన్ ఆగిపోతదంట. కరుణమ్మ చూసింది. నీకు ఇష్టముంటె రా, లేకుంటె వంటింట్ల నా కాడ కూసో. తిట్టాలనుంటె తిట్టు.

ఏందే? మల్ల చెప్పు? గట్టిగ చెప్పు, కరుణమ్మ గూడ ఇననీ.

విన్నవా కరుణమ్మా? ఈ పిల్లకు ముందే తెల్సంట! నిరుడు వరంగల్ల తల్లితోని కూసొని చూసిందంట, మొదటికెల్లి శుభం దాక! "ఆఖరు మంచిగ లేదు" అని తల్లి తొవ్వ పొడుగూత తిట్టుకుంట వచ్చిందంట. నేను చెప్పింది అబద్ధమని మొదటి రోజే ఎరుక. "నీ ఆఖరే మంచిగున్నది, మా అమ్మకు గూడ నచ్చేది, చెప్తుంటె ఇందామని ఊకున్న" అంటున్నది! మూడు నెలలు నా దవడలు అరగదీసి!

ఓ సుగుణా, నువ్వు పిల్లవు కాదే, నా అత్తవు.

మరి చందా ఎందుకు ఇయ్యలే? ఆ. సరే. బాగున్నది నీ లెక్క.

తీసుకో కరుణమ్మా. గింతకే వస్తదంట. మిషన్ నెత్తిన పెట్టుకొని ఉరికెదాక చూస్తదంట. అప్పుడు నాతోని లేసి వంటింట్లకు వస్తదంట, ఇద్దరం రొట్టెలు ఒత్తుతమంట, ఆఖరు నేను చెప్పాల్నంట. చూడని ఆఖరి రీలుకు పైసలు ఇయ్యదంట. నాకు చదువు రాదు గని, గిది న్యాయమే.

రూలు ఒప్పదా? మొదటి రీలు చూడకుంట నాలుగేండ్లు పూరా టికెట్ ఇచ్చిన దానివి, నువ్వు చెప్తున్నవా రూలు! ఇయ్యాల నువ్వు జల్ది వచ్చి ముందల బెంచీ మీద కూసో. వాగు చూడు. చూసినంక ఆ తల్లిని ఏమంటవో చెప్పు.

రాయి. ఖాళీ ఉంచకు. పదకొండో రూము, సుగుణ, బారాణా. డెబ్బయి అయిదు పైసలు.