నేను బయట కూసుంట

హలో… ఆ, నేనే. ఉపేందరన్నను… పెట్టెయ్యకు. జర ఇను.

… ఇంటికి రమ్మని కాదు. … అమ్మ మంచిగనే ఉంది. నీ మీద అలిగింది, గంతే.

… నాచారంల లేను. డ్యూటీకి పోలె. హబ్సిగూడల, ఒక దవాఖానా కింద నిలబడ్డ. … నాకేం కాలె. నీ కోసమే వచ్చిన.

— అరె, గట్ల ఒర్రకు! ఉప్పల్ డాక్టర్ లెక్క కాదు ఈడి మేడం.

… ఎరుక. ఎరుక నాకు. ఆ దినం నిన్ను బయట బల్ల మీద కూసోబెట్టి, నేనే లోపలికి పోయి అంత జెప్పిన. మనింట్ల ఎవలికి జరమొచ్చినా గట్లనే గదా, పెద్దోళ్లే పోయి డాక్టర్‌కు జెప్పుడు… "మా తమ్మునికి ఆడిపిల్లనని పిచ్చి పట్టింది సార్" అన్న. పిచ్చి అన్న మాట నాదే. ఆయన గోలీలు రాసిండు, పెండ్లి జేస్తె సక్కగైతడన్నడు. నేను తలకాయ ఊపిన.

… ఔ. నువ్వు తలుపు కాడికెల్లి సూస్తుండంగనే ఊపిన.

… నువ్వు రామంతాపూర్ రూముకు పోయిన సంది నాకు అన్నం సయిస్తలేదు. నిజం. అమ్మ మీద ఒట్టు.

… ఈమె పేరు ఛాయాదేవి. కౌన్సిలింగ్ జేస్తది. … ఎట్ల తెల్సు అంటె, అడుక్కుంట తిరిగిన. "ఇసొంటోళ్లను మీరు సూసిన్రా, ఏం జేస్తరు" అని ముందే అడిగిన. ఒకాయన మార్చేస్త అన్నడు. లేసొచ్చిన. ఇంకొకాయనకైతె సంగతే తెల్వది, నన్నే అడుగుతుండు. ఈమె మార్చేదేం లేదన్నది. రోగం గాదన్నది. నీ అసొంటోళ్లు ఈమె తానకు మస్తు మంది వస్తరట. మందులు గిందులు తర్వాత సంగతి, ముందు తీరువాటంగ మాట్లాడుకుందాం అన్నది.

… లే. ఈమెకు నేనేం జెప్పలె. జెప్పబోతె ఆపింది. "అది ఆ మనిషి నోటెంట ఇంట, మీ సంగతి మీరు జెప్పున్రి" అన్నది. నాకేం సంగతుంటది… సిగ్గైంది.

ఐదింటికి రమ్మన్నది. నువ్వొక్కనివే… నువ్వొక్క… నువ్వే లోపలికి పోవాలె. నేను బయట కూసుంట.

… వస్తవా? నిజంగ? … హమ్మయ్య.

… ఏందీ? చుడీదార్‌లనా?

… బండి మీద నేనే తీస్కరావాల్నా?

…

గట్ల గాదు… ఉప్పల్ చౌరస్తాల మెట్రో కోసం రోడ్డంత తవ్విన్రు, బండి నిలబడ్డ కాడ్నే నిలబడ్తది. మా కంపెనీ షిఫ్టు ఇడిశే యాల్ల. చాయ్ కాడ అందరుంటరు, మొగిలయ్య బావ గూడ… నువ్వు షేర్ ఆటోల రారాదు? నేను ఈడనే నిలబడ్త…

హలో? … ఉన్నవా?

… ఉన్నవ్. మాట్లాడు మరి.

… మల్ల గదే జేస్తున్న గదా నేను. నోటి దూల. తప్పయింది.

వస్త. బండి మీదనే వస్త. … ఔ, చౌరస్తా మీదికెల్లే. సూస్తె సూడనీ. మొగిలయ్య బావ ఆపి, ఎవరీ పిల్ల అంటె… ఏం జెప్పమంటవ్? నువ్వు జెప్పు, గదే జెప్త.

… చెల్లె. సరె.

… పేరు గూడ అడుగుతడు గదా.

… ఇంకోపారి జెప్పు, బస్సు సప్పుడుకు ఇనవడలె.

త్రివేణి.

… ఎప్పటి సంది? … పదో తరగతి సందా? ఒక్క చాప మీద పండుకున్నం గదనే ఇద్దరం! ఒక్కనాడన్న నాకు జెప్పకపోతివి—

… లే. నేను అడగలె.

పెడ్తున్న. బండి తీస్తున్న.